మార్కు రద్దుకొక బటన్, తిరిగి కొనేదానికొక ఫీజు

మా రోజుల్లో మార్కు పడిందంటే పడిందే. దాచేది, చెరిపేది లేదు. 1970లలో కర్నూల్లో ఇంటర్ ఫలితాలొచ్చే రోజు పొద్దున్నే పేపరు కోసం బస్టాండు కాడ కాచుకోనుండేవాళ్లం. సన్నక్షరాల్లో హాల్‌టికెట్ నంబర్లు. మన నంబరు లేదంటే ఆ సంగతి మనకంటే ముందు ఉగ్గాని అంగడాయనకు తెలిసేది. కొండారెడ్డి బురుజు దాకా నడిచేలోపల "ఏమప్పా, సెప్టెంబరా?" అని నలుగురడిగేవాళ్లు. సెప్టెంబరులో గట్టెక్కినా మెమోలో ఆ నెల అట్లనే అచ్చయ్యేది. పిల్లనిచ్చేవాళ్ల చూపు ముందు దాని మీదికే పోయేది. అప్పుడూ తప్పినోనికి గజినీ మహమ్మదని పేరు. కొందరికి ఆ పేరు మనవళ్లు పుట్టినా వదల్లేదు.

ఇప్పుడో? ఇంటర్ పాసైనోడు కూడా మార్కులు చాల్లేదని ఇంప్రూవ్‌మెంట్ కడతాడు. జేఈఈ మెయిన్ 2019 నుంచి ఏడాదికి రెండు తూర్లు, కరోనా కాలంలో 2021లో అయితే నాలుగు. ఏది బాగొస్తే అదే లెక్క. పోనీలే, పరీక్ష నాడు జ్వరమొచ్చిన బిడ్డకు ఇంకో దారి ఉంటే నాకేం కడుపుమంట? నా గొడవంతా జీఆర్ఈతోనే.

మా మనవడు కడపలో ఇంజినీరింగు ముగించి, అమెరికాలో ఎం.ఎస్. చేస్తానని 20,000 రూపాయలకు పైన ఫీజు కట్టి, హైదరాబాదు పోయి రాసొచ్చినాడు. అంత డబ్బుకు రెండు గంటలు కూడా నిండని పరీక్ష. చివర్లో కంప్యూటరు అడుగుతుందంట, మార్కు ఉంచాల్నా రద్దు చేయాల్నా అని. ఎంతొచ్చిందో చూపించకుండానే! వీడు బెదిరిపోయి రద్దు నొక్కినాడు.

"ఎందుకు నొక్కితివి నాయనా?"

"లెక్కల్లో తడబడినా జేజినాయనా. యూనివర్సిటీ వాళ్లు చూస్తే సీటిస్తారా?"

వాళ్లెట్ల చూస్తారు? స్కోర్‌సెలెక్ట్ అనేది 2012 నుంచే ఉంది. ఎన్ని తూర్లు రాసినా మనకు నచ్చిన మార్కే పంపొచ్చు, తక్కినవి వాళ్లకు కనపడవు. ఉంచుకుని పంపకుంటే సరిపాయె. ఈ నియమం వాని ఫోన్లోనే, కళ్లద్దాలు తుడుచుకుంటా నేను చదివి చెప్పాల్సొచ్చింది. బీటెక్కు నాలుగేండ్లు ఏం చదివినట్టు?

ఇప్పుడు వానికి ఇంకో దిగులు: ఒకవేళ బాగొచ్చిందేమో! 60 రోజుల్లోపల 50 డాలర్లు కడితే రద్దు చేసింది తిరిగిస్తారంట. "ముందు ఎంతొచ్చిందో చెప్పమను, నచ్చితే కడదాం" అన్నా. కట్టినాకే చూపిస్తారంట. పళ్లు చూడకుండా ఎద్దును కొనమన్నట్టుంది బేరం.

మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాల, ఇంకో 20,000 పెట్టాల. దానికంటే ఈ నాలుగు వేల చిల్లరే నయమని కట్టమన్నా. కట్టినాడు, నా కార్డుతోనే.