క్లాసు నెత్తిన ఒక్క అనోటేషన్ చాలు

స్ప్రింగ్‌లో సొంత అనోటేషన్ కూర్చబోతున్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే: ఒక్కటే చేయండి, అన్నీ అందులోనే పెట్టండి, మార్చుకునే వీలు ఎవరికీ ఇవ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా ఆర్డర్ల క్లాసు మీద ట్రాన్సాక్షనల్ రాసి, ఏ ఎక్సెప్షన్ వచ్చినా రోల్‌బ్యాక్ కావాలన్న నియమం పెట్టాం. అలా రాయకపోతే స్ప్రింగ్ రన్‌టైమ్ ఎక్సెప్షన్లకూ ఎర్రర్లకూ మాత్రమే వెనక్కి తిప్పుతుంది. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే కమిట్ చేసేస్తుంది. కొన్నాళ్లకు ఒక కుర్రాడు టైమవుట్ కోసం ఒక మెథడ్ మీద మళ్లీ ట్రాన్సాక్షనల్ రాశాడు. మెథడ్ మీది రాత క్లాసు మీది రాతతో కలవదు, దాన్ని పూర్తిగా పక్కకు నెట్టేస్తుంది. రోల్‌బ్యాక్ నియమం పోయింది. ఆర్డర్లు నమోదయ్యాయి, స్టాకు మాత్రం తగ్గలేదు. ఆ రాత్రంతా టేబుళ్లు సరిచూస్తూ కూర్చున్నవాణ్ణి నేను. తప్పు ఆ పిల్లవాడిది కాదు, తలుపు తెరిచి ఉంచిన మాది.

అందుకే సర్వీస్, వాలిడేటెడ్, రోల్‌బ్యాక్ నియమమూ 5 సెకన్ల టైమవుటూ ఉన్న ట్రాన్సాక్షనల్, ఈ మూడింటినీ మీ అనోటేషన్ మీద పేర్చండి. రిటెన్షన్ రన్‌టైమ్ అని రాయడం మరవద్దు. రాయకపోతే జావా దాన్ని క్లాసు ఫైలు దాకానే ఉంచుతుంది, స్ప్రింగ్ కంటికి అది ఆనదు. టార్గెట్‌లో టైప్ ఒక్కటే ఉంచండి. మెథడ్ మీద పెట్టబోతే కంపైలరే ఆపుతుంది.

2015లో స్ప్రింగ్ 4.2తో వచ్చిన ఎలియాస్‌ఫర్ లోపలి టైమవుట్‌ను బయట నుంచి మార్చుకోనిస్తుంది. దాన్ని వరం అంటారు. దయచేసి వాడకండి. ఇవాళ టైమవుట్ అడిగినవాళ్లు రేపు రోల్‌బ్యాక్ అడుగుతారు. ఇలా కలపడం కొత్తేమీ కాదు. 2013లోనే స్ప్రింగ్ 4.0 కంట్రోలర్‌నూ రెస్పాన్స్‌బాడీనీ కలిపి రెస్ట్‌కంట్రోలర్ చేసింది. మరుసటి ఏడు స్ప్రింగ్ బూట్ 1.2 మూడు అనోటేషన్లను ఒకటి చేసింది. దారి వాళ్లే చూపారు, మనం చివరిదాకా నడుద్దాం.

చదవడమే తప్ప రాయడం లేని క్లాసులకు వేరే అనోటేషన్ కావాలంటారు. ఇవ్వకండి. రాత్రి రిపోర్టు 5 సెకన్లలో ముగియకపోతే రిపోర్టును ముక్కలు చేయాలి గానీ అనోటేషన్‌ను కాదు. పేరు కూడా లోపల ఏముందో చెప్పకూడదు. చెబితే, దాన్ని చూసి తనకు పనికొస్తుందో లేదో ఎవరికి వారే తీర్పు చెప్పేసుకుంటారు.

ఇక ట్రాన్సాక్షనల్‌ను నేరుగా ఇంపోర్ట్ చేసిన ఫైలు మీ అనోటేషన్ ఫైలు కాక మరొకటి కనబడితే బిల్డ్ ఆగిపోయేలా చేయండి. ఒక టెస్టు కూడా రాయండి. అందులో జావా గెట్‌అనోటేషన్‌ను నమ్మకండి, దానికి లోపలి పొరలు కనబడవు. అనోటేటెడ్‌ఎలిమెంట్‌యుటిల్స్‌లోని ఫైండ్‌మెర్జ్‌డ్‌అనోటేషన్‌తో ప్రతి సర్వీసు క్లాసునూ అడగండి: టైమవుట్ 5 ఉందా, రోల్‌బ్యాక్ నియమం ఉందా. ఒక్క క్లాసు లేదన్నా ఆ రోజు రిలీజ్ ఆపండి.