ఇంగా ఫోకస్ పడ్లేదు: టీకా తాత్పర్య సహితం

మూలం: “నిలబడన్నా, కదలొద్దు! ఇంగా ఫోకస్ పడ్లేదు!”

అవతారిక: శ్రావణమాసం, సోమవారం. ఉరుకుంద ఈరన్న స్వామి గుడి ముందర కర్ణాటక భక్తులూ, ఆదోని, ఎమ్మిగనూరు జనమూ ఇసకేస్తే రాలనట్టున్న వేళ. పుట్టెంటికలు తీయించి, గుండుకు గంధం పూసిన కొడుకును ఎత్తుకున్న తండ్రితో ఫొటోగ్రాఫర్ పలికిన పలుకు ఇది.

ప్రతిపదార్థం: అన్నా = ఫొటోకు డబ్బులిచ్చువాడా (వయసుతో పనిలేదు); ఇంగా = ఇంకను (సీమ పలుకు, దిద్దరాదు); ఫోకస్ = లెన్సులోని గాజుబిళ్లలు తగినచోటికి జరుగగా బొమ్మ తేటపడుట; పడ్లేదు = పడలేదు.

ఇక్కడే చిక్కు. పడాల్సింది ఫోకస్ సరే, దాన్ని పడవేయవలసినదెవరు? వాక్యంలో కర్త మాయం. గాజుబిళ్లలను జరిపే మోటారే కర్త అని వ్యాఖ్యాతలు ఒప్పుకున్నారు గానీ, దాని కాపురమెక్కడన్న దగ్గర తగువు పెట్టుకున్నారు.

పూర్వపక్షం: కెమెరా బాడీలో. 1985 నాటి మినోల్టా మాక్సమ్ 7000ది ఈ మతమే. బాడీలోని మోటారు, స్క్రూడ్రైవర్ మొనలాంటి కడ్డీతో లెన్సులోని పళ్లచక్రాలను తిప్పుతుంది. నికాన్ పాత ఆటోఫోకస్ లెన్సులదీ ఇదే దారి. తిప్పేది వేరు, తిరిగేది వేరు. మంత్రాలయం దగ్గరే గనుక దీన్ని ద్వైతమనవచ్చు.

సిద్ధాంతం: లెన్సులోనే. 1987లో వచ్చిన కానన్ ఈఓఎస్‌లో బాడీ నుంచి లెన్సుకు అందేది కరెంటూ, ఆజ్ఞా మాత్రమే. ఈ తగువు ఖరీదు 2006లో నికాన్ డి40 కొన్నవాళ్లకు తెలిసింది. ఆ బాడీలో మోటారు లేదు. పాత లెన్సు తగిలిస్తే చేత్తో తిప్పుకోవలసిందే.

విశేషం: చౌక లెన్సులోని మామూలు మోటారు గిర్రుమని ఊరంతా చాటుతుంది. అల్ట్రాసోనిక్ మోటారుది మౌనవ్రతం. ఒక లోహపు కంకణం, దాని అడుగున అతికించిన పీజోఎలక్ట్రిక్ పింగాణీ. కరెంటు అటూ ఇటూ మారేకొద్దీ పింగాణీ సాగుతుంది, ముడుచుకుంటుంది. సెకనుకు 20,000 సార్లకు పైమాటే కాబట్టి చెవికి అందదు. ఆ అదురుకు కంకణం మీద సన్నని అల పరుగెడుతుంది. పైన ఒత్తుకుని కూర్చున్న రెండో కంకణాన్ని ఆ అల శిఖరాలు నెట్టుతాయి. తమాషా ఏమంటే, అల ఇటు పోతే కంకణం అటు తిరుగుతుంది. మొక్కుకు వచ్చినవాళ్ల సెల్‌ఫోన్లలో ఇంత వైభవం లేదు. గుడి మైకు హారన్‌లో ఉండే తీగచుట్టా, అయస్కాంతమే అక్కడా లెన్సును జరుపుతాయి.

తాత్పర్యం: మోటారు వీకని తిట్టడం అపనింద. అది చెప్పిన చోటికి నడిచే బంటు. ఎక్కడ ఆగాలో చెప్పవలసిన కెమెరాకు బొమ్మలో ఒక అంచు, ఒక గీత, వెలుగునీడల తేడా ఏదో దొరకాలి. నున్నటి గుండు, దాని మీద ఒకే తీరున గంధం! పట్టు చిక్కక లెన్సు ముందుకీ వెనక్కీ తచ్చాడుతుంది. అజ్ఞాత కర్త గుండే.

ఉత్తరభాగం: తల్లి బుగ్గన పెట్టిన దిష్టిచుక్క మీదికి ఫొటోగ్రాఫర్ ఫోకస్ గడిని జరిపినాడు. లెన్సు ఒక్కసారి గిర్రుమని ఆగింది.

“ఆఁ, పడింది. ఇంగొకటి తీస్తా, ఉండన్నా!”