చాలక సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: చాలకము మారకమునుపే విభాగములకు నామకరణము సేయవలెను.

అవతారిక: శ్రీకాకుళంలో ఒక కాలేజీ కంప్యూటరు ల్యాబు తలుపు మీద ఈ సూత్రం అంటించి ఉండేది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట ఆ జిల్లాలోదే. అయినా గ్రాంథికం రాయడానికి సూత్రకారుడికి జంకు లేదు.

ప్రతిపదార్థము: చాలకము = డిస్కు డ్రైవరు, ఆర్టీసీ వారిది కాదు. విభాగములు = పార్టిషన్లు. సేయవలెను = స్పష్టము. (ఎవరు, ఏ ఫైల్లో అన్నదీ స్పష్టమే కాబోలు, ఎక్కడా రాయలేదు.)

తాత్పర్యము: 2007లో ఫెడోరా 7 లినక్సు పాత ఐడీఈ డ్రైవర్లను పక్కనపెట్టి లిబ్‌ఏటీఏను తెచ్చింది. నిన్నటిదాకా హెచ్‌డీఏ అన్న డిస్కు తెల్లారేసరికి ఎస్‌డీఏ. డిస్కు అంగుళం కదల్లేదు. రాజాం మాత్రం కదిలిందా? 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా పోయి విజయనగరం జిల్లా అయింది. ఊరి పేరు పట్టుకున్నవాడికి ఊరు దొరుకుతుంది. లేబులంటే అదే.

విశేషము: అనవసరమైనదేదీ చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి మాటిచ్చాడు. నేనివ్వలేదు. ఈఎక్స్‌టీ3 లేబులుకు చోటు 16 బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు తింటుంది. గుణింతమూ సున్నా విడివిడిగా లెక్క. విజయనగరానికి 24, పట్టదు. శ్రీకాకుళానికి 30, ఆశే వద్దు. బొబ్బిలికీ 24, కోట ఉన్నా లాభం లేదు. ఇక రాజాం చూడండి: ర, దీర్ఘం, జ, దీర్ఘం, సున్నా. పదిహేను! ఒక బైటు మిగులు కూడాను. జిల్లాలు మారినా డిస్కులో ఇమిడే ఊరు. పలాసకైతే 12, పక్కన ఇంకో అక్షరానికి చోటు. ఈ లెక్కలు వేస్తూ ఒక మధ్యాహ్నం గడిపేశాను, పశ్చాత్తాపం లేదు.

ఆక్షేపము: రెడ్‌హ్యాట్ సంప్రదాయంలో ఇన్‌స్టాలరు ప్రతి రూటుకూ ‘/’ అనే లేబులే పెట్టేది. పక్క మిషను డిస్కు తెచ్చి తగిలిస్తే, మా వైపు క్లాసులో “అప్పలనాయుడూ” అని పిలిచినట్టే, ఇద్దరు లేచి నిలబడతారు. సూత్రకారుడు దీని గురించీ మౌనమే.

ఇంతకీ నా ఏడుపు వేరు. చెప్పినట్టే అన్నిటికీ పేర్లు పెట్టాను. ఎఫ్‌స్టాబ్‌లో మార్చాను. గ్రబ్‌లో రూటు అని ఉన్న వరుసలో మాత్రం హెచ్‌డీఏ2 అలాగే ఉండిపోయింది. రీబూటు కొడితే కెర్నెల్ పానిక్. రాత్రి తొమ్మిదిన్నర. తాళాలగుత్తి ఊపుకుంటూ వాచ్‌మన్ వచ్చాడు. తలుపు మీది కాగితం చూశాడు, నల్లటి తెర చూశాడు.

“పేరెట్టీసినారు గదండీ, మరి పలకదేటి?”

పాత పేరుతో పిలిచాను మరి.