సుబ్బారావు గారి మాత్ర, జర్మనీ వాళ్ల కణాలు

మా రోజుల్లో కీళ్లవాతం వచ్చిన ఆడమనిషికి తన రోగం పేరైనా తెలిసేది కాదు. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు కౌంటరు వెనక బతుకంతా గడిపినవాణ్ణి, ఎంతమందిని చూశానో! పొద్దున్నే వేళ్లు ముడవలేక, మిరపకాయల తొడిమలు తీయలేక, పత్తి ఏరలేక కూలి పోగొట్టుకున్నవాళ్లు చిలకలూరిపేట నుంచీ పర్చూరు నుంచీ బస్సెక్కి వచ్చేవాళ్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీలో స్టెరాయిడ్ మాత్ర ఒక్కటే ఉండేది. వేసుకోగానే నొప్పి తగ్గేది, మొహం ఉబ్బేది, కొన్నేళ్లకు ఎముకలు గుల్లబారేవి. ఒంటి రక్షణ ఒంటి మీదే తిరగబడే ల్యూపస్ జబ్బున్న పిల్లల బుగ్గల మీద ఎర్రటి మచ్చ కనపడితే ఎండ దెబ్బ అనుకునేవాళ్లు. లోపల మూత్రపిండాలు పాడవుతున్నాయని తెలిసేసరికి ఆలస్యమైపోయేది.

ఇప్పటివాళ్ల తీరు వేరు. ఫోనులో ఒక వీడియో చూసి, ‘కణాల చికిత్స వచ్చిందట, ఇంక ఈ మాత్రలెందుకు’ అని డాక్టరు రాసిన మందు మానేస్తున్నారు. మందే లేని రోజులు చూసినవాడికి ఇది చూస్తే కడుపు మండుతుంది.

ఆ చికిత్స నిజమే, గొప్పదే. 2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ బృందం ఏ మందుకూ లొంగని ల్యూపస్‌తో ఉన్న ఒక యువతికి దాన్ని చేసింది. రోగి రక్తంలోంచి టీ కణాలు తీస్తారు. బీ కణాలను గుర్తుపట్టే జన్యువును వాటిలోకి ఎక్కించి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఒంట్లోకి పంపిస్తారు. సొంత ఒంటి మీదికే యాంటీబాడీలు వదిలే బీ కణాలను అవి వెతికి చంపుతాయి. కొన్ని నెలలకు బీ కణాలు మళ్లీ పుడతాయి, కానీ పాత పగ వాటికి ఉండదు. తెగులు పట్టిన చేను మొత్తం దున్నేసి కొత్త విత్తు వేసినట్టు. 2024లో వాళ్లు 15 మంది ఫలితాలు ప్రకటించారు. అందులో ల్యూపస్ వాళ్లు 8 మంది, ఆ ఎనిమిది మందికీ రోగం సద్దుమణిగింది. అయితే కణాలు ఎక్కించే ముందు కీమో ఇవ్వాలి, తర్వాత జ్వరాలు, ఇన్ఫెక్షన్లు రావచ్చు. పదిహేను మందిని చూసి చేతిలో ఉన్న మందు పారేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వాళ్లు మానేస్తున్న ఆ మందు ఎవరిదో తెలుసా? మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో, తన బృందంతో సాధించినది. దానితో పాటు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ బిళ్లను కృత్రిమంగా తయారు చేసిందీ ఆ ప్రయోగశాలే. రక్త క్యాన్సర్ పిల్లల కోసం పుట్టిన మందు కీళ్లవాతానికి అమెరికాలో అధికారికంగా అనుమతి పొందడానికి 1988 దాకా పట్టింది. ఈ కణాలదీ అదే దారి. రక్త క్యాన్సర్‌కు 2017లో అనుమతి వచ్చింది, నాలుగేళ్లకే ల్యూపస్ దాకా చేరాయి. మా కాలం కన్నా ఎంత వేగం!

వేగం సరే, ధర మాటేమిటి? మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మందు (రోజూ మింగితే ప్రాణాంతకం, ఎన్నిసార్లు చెప్పానో). కూలి డబ్బుల్లో కొనుక్కోవచ్చు. కణాల మందు మాత్రం ఒక్కొక్కరికి విడిగా తయారు చేయాలి. అమెరికాలో మూడు కోట్లు దాటుతుంది. ఇలాంటిదే మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో కొన్ని రక్త క్యాన్సర్లకు అనుమతి వచ్చింది. అది సుమారు 30 నుంచి 40 లక్షలు. మన వాళ్లు అంత తగ్గించారంటే నాకు గర్వమే. కానీ మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషికి ముప్పై లక్షలూ ఒకటే, మూడు కోట్లూ ఒకటే.

ఆ ఖర్చు ప్రభుత్వం మోస్తుందా అంటారేమో. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి (జీజీహెచ్) గిలెన్-బారె సిండ్రోమ్ (జీబీఎస్) రోగులు వరసగా వచ్చారు. అదీ ఒంటి రక్షణ ఒంటి నరాల మీదే తిరగబడే జబ్బే. ఖరీదైన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు అక్కడే ఇచ్చారు. అవసరం కళ్లెదుట నిలబడితే ప్రభుత్వం ఖర్చు పెడుతుందన్నమాట. ఈ కణాల చికిత్సకు మన దేశంలో ల్యూపస్ కోసం అనుమతి వచ్చేనాటికి ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) జాబితాలో చోటు సిద్ధంగా ఉండాలి. అప్పటిదాకా మన ఆడవాళ్లు సుబ్బారావు గారి మాత్ర మానకుండా, కాలేయానికీ రక్తానికీ పరీక్షలు తప్పకుండా చేయించుకుంటూ వేసుకోవాలి.