సున్నా పెట్టుబడి సౌధం

హైదరాబాదు శివార్లలో కొన్నేళ్లుగా ఒక కొత్త అర్థశాస్త్రం ప్రచారంలో ఉంది. చేతిలో పైసా లేకున్నా నిర్మాణ వ్యాపారం ప్రారంభించవచ్చనీ, కావలసినదల్లా కాస్త ధైర్యం, నలుగురి పరిచయం, ఒక మెరిసే బ్రోచరు మాత్రమేననీ ఆ శాస్త్రం బోధిస్తుంది. దానిని వారాంతపు సదస్సుల్లో ఉపదేశించే ఆచార్యులు తాము సున్నా నుంచి మొదలుపెట్టి ఇంతవారమయ్యామని సగర్వంగా ప్రకటిస్తారు. ఆ ప్రకటనను శంకించడం అన్యాయం. వారు పెట్టినది నిజంగానే సున్నా. ఆ సున్నాకు ఎడమవైపున వచ్చి చేరిన అంకెలు ఎవరివన్నది మాత్రమే పరిశీలించవలసిన విషయం.

ఈ శాస్త్రంలో తొలి సూత్రం స్థలం కొనకుండా ఉండటం. స్థల యజమాని భూమి ఇవ్వగా బిల్డరు తన ఖర్చుతో భవనం కట్టి, పూర్తయిన ఫ్లాట్లలో ఒప్పుకున్న వాటాను యజమానికి అప్పగించే పద్ధతిని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అంటారు. ప్రాంతాన్ని బట్టి ఆ వాటా సగానికి సగంగానో, నలభై అరవైగానో కుదురుతుంది. పద్ధతి పాతదే, అందులో దోషమూ లేదు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఎన్నో పెంకుటిళ్లు, డాబా ఇళ్లు అపార్ట్‌మెంట్లుగా మారినది ఈ దారినే. అయితే ఒప్పందంలోని ‘తన ఖర్చుతో’ అన్న షరతును సంస్కరించడంలోనే కొత్త ఆచార్యుల ప్రతిభ అంతా ఉంది. ఒప్పందంతో పాటు యజమాని బదులు సంతకాలు చేసే అధికారాన్ని, అంటే జీపీఏను కూడా బిల్డరు రాయించుకుంటాడు. కేవలం జీపీఏ చేతులు మారినంత మాత్రాన ఆస్తిపై యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. బిల్డర్లతో చేసుకునే నిజమైన అభివృద్ధి ఒప్పందాలకు ఈ తీర్పు అడ్డు రాదని కూడా అందులోనే చెప్పింది. కొత్త ఆచార్యులకు కంఠస్థమైనది ఆ రెండో భాగం ఒక్కటే, అందులోనూ ‘నిజమైన’ అన్న విశేషణాన్ని మినహాయించి.

ఖర్చు ఎవరిదన్న చిక్కు ప్రశ్నకు దొరికిన జవాబు పేరు ప్రీలాంచ్. అనుమతులు రాకముందే, ఒక్కోసారి దరఖాస్తు కూడా పెట్టకముందే, కట్టబోయే ఫ్లాటును మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు బేరం పెట్టి, మొత్తం సొమ్మును ఒకే దఫాలో వసూలు చేయడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. తక్కువకు దొరికిందని మురిసిపోయే కొనుగోలుదారు గ్రహించనిదేమంటే, తనకు దక్కింది తగ్గింపు కాదు, తానిస్తున్న అప్పుపై ముందుగానే లెక్కగట్టి చేతిలో పెట్టిన వడ్డీ. ఏ బ్యాంకూ ఇవ్వడానికి సాహసించని అప్పు అది. బ్యాంకయితే లింకు డాక్యుమెంట్లు, పాత ప్రాజెక్టుల జాబితా, ఆదాయపు పన్ను రిటర్నులు, హామీ అడుగుతుంది. ఈ రుణదాత మాత్రం రంగుల బొమ్మలో ఈతకొలను ఎన్నో అంతస్తులో ఉందని అడిగి, జవాబు విని తృప్తి పడతాడు.

అతనికి రాసిచ్చేది యూడీఎస్, అనగా భూమిలో అవిభాజ్య వాటా. ఎకరానికి 4,840 చదరపు గజాలు. దానిని 200 మందికి రాస్తే తలా ఇరవై నాలుగు గజాల చిల్లర వస్తుంది. ఆ ఇరవై నాలుగు గజాలు ఏ మూలన ఉన్నాయని అడగకూడదు, ఎందుకంటే హద్దులు చూపలేకపోవడమే అవిభాజ్య వాటా లక్షణం. అనుమతి వచ్చి భవనం లేస్తే సరే. రాకపోతే ఫ్లాటు ఊహాలోకంలోనే నిలిచిపోతుంది, కొనుగోలుదారు మాత్రం ముఖపరిచయం లేని 199 మందితో కలిసి ఒక పొలానికి పాలివాడవుతాడు, ఆ పొలాన్ని మొత్తంగా అమ్మాలన్నా మరో బిల్డరుకు అప్పగించాలన్నా అందరి సంతకాలూ కూడగట్టవలసి వస్తుంది. అపార్ట్‌మెంటు లేకపోయినా అపార్ట్‌మెంటు సంఘపు తగాదాలు ముందుగానే చేతికందడం ఈ విధానంలోని అదనపు సౌకర్యం.

ఇదంతా చట్టం కంటపడలేదని అనుకోవడం పొరపాటు. రెరాగా ప్రసిద్ధమైన 2016 నాటి స్థిరాస్తి చట్టం, ప్రాజెక్టు నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడాన్నీ బుకింగ్ తీసుకోవడాన్నీ నిషేధించింది. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా, అప్పటికీ మానకపోతే మూడేళ్ల వరకు జైలు అని రాసింది. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతం మించి పుచ్చుకోరాదని, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమికీ నిర్మాణానికీ మాత్రమే వాడేలా వేరే ఖాతాలో ఉంచాలని ఆదేశించింది. సున్నా శాస్త్రవేత్తలు దీనికి భయపడక వ్యాకరణంతో జవాబిచ్చారు. అది అమ్మకం కాదు, పెట్టుబడి. అది అడ్వాన్సు కాదు, ఆసక్తి వ్యక్తీకరణ. అది ప్రకటన కాదు, ఆత్మీయుల వాట్సాప్ సమూహంలో పంచుకున్న శుభవార్త. ఇక ప్రాజెక్టు స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా నమోదు అక్కరలేదన్న మినహాయింపు ఒకటి ఉండటంతో ఎనిమిది అనే అంకె పట్ల చిన్న బిల్డర్లకు అపారమైన భక్తి కుదిరింది. తొమ్మిదోది గృహప్రవేశాలు అయ్యాక పెంట్‌హౌస్ రూపంలో అవతరిస్తుంది, క్రమబద్ధీకరణ పథకం ఎప్పుడో ఒకప్పుడు రాకపోదన్న ఆశతో.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, ప్లానును అతిక్రమించకుండా కట్టిస్తాడన్న హామీగా, కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డరు చేత స్థానిక సంస్థకు తాకట్టు పెట్టించాయి; ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనం నివాసానికి తగినదన్న ధ్రువపత్రం వచ్చాకే ఆ తాకట్టు విడిపిస్తారు. బిల్డరుకు ఒక్క రూపాయి ఇవ్వని మునిసిపాలిటీ అతని మాట మీద నమ్మకం లేక పదో వంతు తాకట్టు పట్టుకుంటుంటే, జీవితకాలపు పొదుపు మొత్తం ఇచ్చిన కొనుగోలుదారు లెటర్‌హెడ్‌పై రాసిచ్చిన రసీదుతో ఇంటికి వెళ్తాడు.

కొనుగోలుదారు తరువాతి వంతు ఇనుము, సిమెంటు డీలర్లది. ఉద్దెర ఖాతా బరువెక్కినప్పుడు నగదుకు బదులు ఒక ఫ్లాటు రాసిస్తామంటారు. అది అప్పటికే ప్రీలాంచ్‌లో అమ్ముడైన ఫ్లాటే అయినప్పుడు సివిల్ కోర్టులకు కొంత పని దొరుకుతుంది. అందరికంటే పెద్ద మదుపరి కార్మికుడు. ఒకప్పుడు పాలమూరు కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టడానికి వలసపోతే, నేడు హైదరాబాదు స్లాబుల మీద ఒడిశా, బీహార్, ఝార్ఖండ్ కార్మికుల చెమట రాలుతోంది. వారానికోసారి తిండి ఖర్చులకు కొంత ఇచ్చి, మిగిలిన కూలీని మేస్త్రీ లెక్కలో ‘తరువాత చూద్దాం’ అని ఆపినప్పుడు, ఆ ఆగిన సొమ్ము వడ్డీ లేని, పత్రం లేని, గడువు లేని అప్పుగా సౌధంలో కలిసిపోతుంది. సున్నా నుంచి ఎదిగినవారి విజయగాథల్లో ఈ దాతకు కృతజ్ఞతల పేజీలో చోటు దక్కిన దాఖలాలు లేవు.

ఈ శాస్త్రానికి ససేమిరా లొంగని ఛాందసురాలు ఒక్కతే, కాంక్రీటు. సాధారణ సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ వంటివి కలిసిన సిమెంటయితే 10 రోజులు తడి ఆరకుండా చూడాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మేస్త్రీలు నీళ్లు కొట్టడమనీ, ఇంజినీర్లు క్యూరింగ్ అనీ అనేది దీన్నే. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింది ఊతాలను సాధారణంగా 14 రోజుల దాకా తీయరాదని కూడా ఆ ప్రమాణంలో ఉంది. కానీ సెంట్రింగ్ సామానుకు అద్దె రోజు లెక్కన పడుతుంది, నీళ్ల ట్యాంకరు నగదు అడుగుతుంది, తరువాతి స్లాబు ఫొటో పంపితే తప్ప తరువాతి కంతు రాదు. అందుచేత ఊతాలు ముందే దిగుతాయి, నీళ్లు రెండో రోజుకే ఆగుతాయి. సిమెంటుకు వాయిదాలు, పరిచయాలు, ధైర్యం ఏవీ అర్థం కావు. అది తన పగను పగుళ్ల రూపంలో, తీరిగ్గా, రంగులు వేసిన తరువాతే తీర్చుకుంటుంది.

పగులు కనిపించిన నాడు చట్టం మళ్లీ గుర్తొస్తుంది. ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలిపిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం అంటుంది. ఎవరికి తెలపాలన్నదే ఇబ్బంది. ప్రతి ప్రాజెక్టుకూ ఒక కొత్త సంస్థను పుట్టించడం ఈ వ్యాపారంలో మామూలే కనుక, అప్పటికి కట్టిన సంస్థ ఖాతాలో ఫ్లాట్లూ ఉండవు, సొమ్మూ ఉండదు. వెతికితే ఒక రబ్బరు స్టాంపు, సగం వాడిన లెటర్‌హెడ్ల కట్ట, కింద స్తంభాల నడుమ అమ్ముడుపోకుండా మిగిలిన రెండు పార్కింగ్ చోట్లు కనిపిస్తాయి. స్టిల్ట్ పార్కింగ్‌ను ఫ్లాటుతో సంబంధం లేకుండా విడిగా అమ్ముకునే హక్కు ప్రమోటరుకు లేదని ముంబయికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది కాబట్టి, ఆ రెండు చోట్లూ అతనివి కావు.