లాజిక్ అన్న

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్లు ఎక్కి దిగినవాళ్లలో కొందరికి ఉద్యోగం వస్తుంది, కొందరికి పెళ్లవుతుంది, కొందరికి రీజనింగ్ వస్తుంది. ఈ మూడోరకం వాళ్లు హాస్టల్ ఫీజులు, రూమ్ అద్దెలు పెరిగినకొద్దీ కర్మన్‌ఘాట్ దాకా ఒకసారి, మీర్‌పేట దాకా ఇంకోసారి జరుగుతూ చివరికి బాలాపూర్‌లో తేలతారు. చౌరస్తా చుట్టుపక్కల ఏ చాయ్ హోటల్‌లోకి తొంగిచూసినా ఒకడు కనిపిస్తాడు. అతన్ని అందరూ లాజిక్ అన్న అంటారు. అసలు పేరు హాల్‌టికెట్ మీద ఉంటుంది.

ముప్పై అయిదు దాటినా ఇంకా ‘ప్రిపరేషన్’లోనే ఉంటాడు. జేబులో రెండు పెన్నులుంటాయి గానీ, రాసేది మాత్రం టేబుల్ మీద ఒలికిన చాయ్‌తో, చూపుడువేలితో. గుండ్రంగా ఒక సున్నా చుడతాడు. దాన్ని కోస్తూ ఇంకో సున్నా. ఆ రెండోదాన్ని పూర్తిగా కడుపులో పెట్టుకునేలా పెద్ద సున్నా ఒకటి.

“గివి పెన్నులు, గివి పుస్తకాలు, గీ పెద్దది బల్లలు. కొన్ని పెన్నులు పుస్తకాలు. అన్ని పుస్తకాలు బల్లలు. ఇగ చెప్పు, కొన్ని పెన్నులు బల్లలు అయితయా, కావా?”

ఎదురుగా కూర్చున్న ఆటో డ్రైవర్ బిస్కెట్ ముంచుకుంటూ “పెన్ను బల్ల ఎట్లయితదన్నా?” అంటాడు. అన్న ఎదురుచూసేది ఈ ప్రశ్న కోసమే.

“అయితదా కాదా అని నిన్నెవరడిగిన్రు? పైన చెప్పిన రెండు నిజమే అనుకుంటే, కడమది నిజం కాకుండ తప్పించుకుంటదా అన్నదే ముచ్చట. మాట నిజమా అన్నది వేరు, ఒక మాట కెల్లి ఇంకో మాట వస్తదా అన్నది వేరు.”

తర్కశాస్త్రంలో మొదటి మెట్టు ఇదే, అన్న దాన్ని ఎంత చక్కగా చెప్తాడో ఒప్పుకోవాలి. ఆటో డ్రైవర్‌కు అది తలకెక్కే లోపల ఎల్బీనగర్ సవారీ వేరే ఆటో ఎక్కి వెళ్లిపోతుంది.

అన్నకు ఈ పిచ్చి కోచింగ్‌లో అంటింది కాదు. పాత పదో తరగతి లెక్కల పుస్తకంలో ‘ప్రవచనాలు - సమితులు’ అని పాఠం ఉండేది. పి అయితే క్యూ, దాని విపర్యయం, విలోమం, ప్రతివర్తితం. క్లాసంతా మార్కుల కోసం బట్టీ పట్టి పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చింది. అన్న మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పటికీ హోటల్ ముందు నీళ్లు చల్లే పిల్లగాడిని పట్టుకుని అడుగుతాడు: “వాన పడితే నేల తడుస్తది. నేల తడిసింది. అంటే వాన పడ్డట్టేనా?”

“నేనే చల్లిన గదన్నా!”

“శెభాష్. టీవీ డిబేట్ల కూసున్నోళ్లకు గింత తెలివి లేదురా.”

ఇంతవరకూ ఊరికి ఉపకారమే. తంటా అంతా తప్పులు పట్టడం దగ్గర మొదలవుతుంది. అన్న ముందు ఎవరూ ఒక వాక్యం పూర్తిచేసి బతికిపోలేదు. “సిగరెట్ మానుమంటడు, డాక్టరే తాగుతడు” అని ఎవరో నవ్వబోతే, “మనిషిని కొట్టినవ్, మాటను కొట్టలే. ఆయన తాగితే నీ ఊపిరితిత్తులు బాగుపడ్తయా?” అని నవ్వు గొంతులోనే ఆపేస్తాడు. “ఇప్పుడు ప్లాట్ కొంటవా, జిందగీల కొనవా” అని రియల్ ఎస్టేట్ ఏజెంట్ బ్రోచర్ పరిస్తే, “రెండే దార్లున్నట్టు చెప్తున్నవ్, వచ్చే ఏడు కొనుడు మూడోది గదా” అంటాడు. ఏజెంట్ బ్రోచర్ మడిచి వేరే టేబుల్‌కు పోతాడు. ఎదుటివాడు నిజంగానే గట్టి జవాబిస్తే మాత్రం అన్న దగ్గర ఒకటే మంత్రం: “డిగ్రీల మూడు సబ్జెక్టులు తప్పినోనివి, నువ్వు నాకు చెప్తవా?” మనిషిని కొట్టకూడదన్న సూత్రం ఎదుటివాళ్లకే గానీ తనకు వర్తించదు.

అన్న విద్యకు అసలు సీజన్ వినాయక నిమజ్జనం. బాలాపూర్ లడ్డూ సంగతి తెలియని తెలుగువాడుండడు. 1994లో కొలను మోహన్‌రెడ్డి దాన్ని 450 రూపాయలకు పాడుకుని, ఇంటిల్లిపాదికీ పంచి, పొలంలో చల్లుకున్నారు. ఆ ఏడు కలిసొచ్చిందని ఊరంతా చెప్పుకుంది. మరుసటేడు ఆయనే 4,500 పెట్టి మళ్లీ పాడుకున్నారు. 2002లో లక్ష దాటింది. 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. లడ్డూ బరువు 21 కిలోలు. కిలో లక్షా అరవై ఆరు వేల పైచిలుకు పడుతుందని లెక్కగట్టి చెప్పింది కూడా అన్నే.

“పాడుకున్నోళ్లందరు బాగుపడ్డరన్నా, కండ్లముంగట చూస్తున్నం గద” అని హోటల్ సేటు అంటాడు ప్రతి ఏడాదీ.

“లడ్డూ తర్వాత బాగుపడ్డరు సేటూ. తర్వాత జరిగింది గాబట్టి దానివల్లనే జరిగిందంటవా? 35 లక్షలు పెట్టి లడ్డూ కొనెటాయన, కొనకముందు పస్తులున్నడా?”

ఇక్కడ అన్న గొంతు తగ్గిస్తాడు. ఎందుకంటే రాబోయేది అన్నంభట్టు. పదిహేడో శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన ఆ పండితుడు మన తెలుగువాడేనని చెప్పి, సేటు ముఖంలో గర్వం కనిపించేదాకా ఆగుతాడు. ఆ చిన్న పుస్తకంలో ఒక కొండ, దాని మీద నిప్పు, పొగ ఉంటాయి. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, సరే. దాన్ని తిప్పి, నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనొచ్చా? ఎర్రగా కాలిన ఇనుప గుండు ముందు ఆ మాట చెల్లదు. అందులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పు ఒక్కటే చాలదు, పచ్చికట్టె తగలాలి. ఎవరికీ కనపడకుండా నడుమ దూరి అసలు పని చేసే ఆ పచ్చికట్టెను అన్నంభట్టు ‘ఉపాధి’ అన్నాడు.

“నడుమ పచ్చికట్టె ఎవరు సేటూ? జేబుల పైసలు. పైసలున్నోడే లడ్డూ పాడుతడు, పైసలున్నోడే ఇంకింత సంపాయిస్తడు. నీకు లడ్డూ ఒక్కటే కనవడ్డది.”

గల్లాపెట్టె పక్కన నిలబడ్డ హోటల్ పిల్లగాడికి ఇది నచ్చింది. “గంతెందుకన్నా, 2020ల కరోనా అని వేలం పెట్టలే, లడ్డూ కేసీఆర్ సార్‌కు ఇచ్చిన్రు. 2023ల ఓడిపాయె గద?”

సేటు తడుముకోలేదు. “గది ఊకెనే వచ్చిన లడ్డూరా. అసలైన లడ్డూ అంటే పాడుకున్నదే.”

అన్న ఆనందంతో టేబుల్ చరిచాడు. ఎదురు ఉదాహరణ వచ్చినప్పుడల్లా ‘అసలైన’ అని తగిలించి దాన్ని గీత బయటికి నెట్టే ఈ ఎత్తును ఆయన పుస్తకాల్లోనే చదివాడు. ప్రాణంతో చూడటం ఇదే మొదలు. ఆ సంతోషంలో సేటుకు చాయ్ తనే చెప్పాడు. ఖాతాలో రాయించాడనుకోండి.

అన్నకు ఎక్కని పాఠం ఒకటుంది. ఎదుటివాడి వాదన విరిగిందంటే, ఆ వాదన మోస్తున్న మాట అబద్ధమైపోయినట్టు కాదు. లడ్డూ సిరులిస్తుందని రుజువు కానంత మాత్రాన ఆ వేలం వల్ల ఊరికి ఒరిగిందేమీ లేదనలేం. వచ్చిన డబ్బు గుడికి, ఊరి పనులకు పెడుతున్నామని ఉత్సవ సమితి చెబుతూనే ఉంది. నా మటుకు నాకు సేటు నమ్మకం కంటే అన్న గెలుపే ఎక్కువ భయం. తప్పు పేరు దొరకగానే ఆయన సంగతి వినడం మానేస్తాడు.

తన దాకా వస్తే కథ వేరు. గ్రూప్-2కు 2022 డిసెంబర్‌లో 783 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్‌లో జరిగింది. దీనికి అన్న దగ్గర వివరణ ఉంది. ఆయన సిలబస్ పూర్తి చేసినప్పుడల్లా వాయిదా పడిందట. అందుకని ఆఖరుసారి రెండు చాప్టర్లు కావాలనే వదిలేశాడు. పరీక్ష జరిగింది.

“మరి గిది లడ్డూ లెక్కనే అయితది గదన్నా?” అన్నాడు పిల్లగాడు.

“అది నమ్మకంరా. ఇది అనుభవం.”

ఫలితం ఏమైందని మాత్రం ఆ హోటల్‌లో ఎవరూ అడగరు.

మొన్న ఇంటి ఓనర్ పెద్దమ్మ గేటు దగ్గరే పట్టుకుంది. “బిడ్డా, ఒకటో తారీఖు కెల్లి వెయ్యి ఎక్కువియ్యాలె. గల్లీల అందరు పెంచిన్రు.”

“అందరు చేసినంత మాత్రాన అది న్యాయమైతదా పెద్దమ్మా? గిది గుంపు వాదం.”

“ఎయిర్‌పోర్టుకు మెట్రో వస్తదంటున్నరు గద?”

“రాని మెట్రోకు ఇప్పుడే కిరాయా? అయినా గది నాగోల్ కెల్లి ఎల్బీనగర్ మీదంగ పోతది, మన గల్లీలకు రాదు.”

“ఇష్టముంటే ఉండు, లేకుంటే ఖాళీ చెయ్యి.”

“రెండే దార్లు చూపెడుతున్నవ్. ఉన్న కిరాయికే ఉండనిచ్చుడు మూడో దారి.”

పెద్దమ్మ చివరిదాకా విన్నది. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, “మస్తు చదువుకున్నవ్ బిడ్డా, మంచిగ చెప్తున్నవ్” అంది మనస్ఫూర్తిగా. “ఒకటో తారీఖు కెల్లి వెయ్యి.”

“గిట్ల ఖాళీ చెయ్యమని భయపెట్టి ఒప్పించుడును దండవాదం అంటరు పెద్దమ్మా” అన్నాడు అన్న, ఫోన్‌పే తెరుస్తూ. “నీ కొడుకు నంబర్ పాతదేనా?”