మాస్టర్ ప్లాన్ పటం చెప్పుకున్న కథ

నేను ఒక పట్టణపు మాస్టర్ ప్లాన్ పటాన్ని. ఇరవై ఏళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలో ఈ రోజే చెప్పడానికి నన్ను గీస్తారు. పసుపు రంగున్నచోట ఇళ్లు, ఊదా రంగున్నచోట పరిశ్రమలు, ఆకుపచ్చ ఉన్నచోట పార్కులు, ఆటస్థలాలు. జంట గీతల నడుమ రాబోయే 80 అడుగుల రోడ్డు. పదివేలకు ఒకటి కొలతలో గీస్తే నా మీద ఒక మిల్లీమీటరు, నేల మీద పది మీటర్లు. పెన్ను మొన అంత జరిగిందంటే ఒక వరస ఇళ్లు రోడ్డులోకి వచ్చేస్తాయి, ఒక కుంట ప్లాట్లలో కలిసిపోతుంది. నన్ను తయారుచేయించిన కమిషనరు రెండు మూడేళ్లలో బదిలీ మీద వెళ్లిపోతారు, పాలకవర్గం గడువు ఐదేళ్లు, కన్సల్టెంటు బిల్లు రాగానే మరో ఊరికి సాగిపోతాడు. నాతో ఇరవై ఏళ్లూ కాపురం చేసేది ఆ వీధుల్లో ఉండేవాళ్లే. అయినా నన్ను గీసేటప్పుడు చాలాచోట్ల వాళ్లను పిలవరు. గీసి, రంగులద్ది, ముసాయిదా అని పేరుపెట్టి గోడకు తగిలించాక పిలుస్తారు. నా కథంతా ఆ క్రమం తలకిందులుగా ఉండటం గురించే.

ఇప్పుడు నా పుట్టుక ఆకాశంలో మొదలవుతోంది. 2015లో వచ్చిన అమృత్ పథకంలో భాగంగా 500 పట్టణాలకు ఉపగ్రహ చిత్రాల సాయంతో మాస్టర్ ప్లాన్లు తయారుచేయాలని కేంద్రం తలపెట్టింది. మంచిదే. పాత రెవెన్యూ నక్షాల కంటే ఉపగ్రహ చిత్రం కొలతలు కచ్చితం. అయితే అది ఇంటికప్పును చూస్తుంది గానీ ఆ కప్పు కింద ఎన్ని కుటుంబాలు అద్దెకున్నాయో చూడదు. మే నెలలో తీసిన చిత్రంలో ఎండిన చెరువు ఖాళీ మైదానంలా కనిపిస్తుంది. వారంలో ఒక్కరోజు సంత జరిగే చోటు మిగతా ఆరు రోజులూ ఉత్త నేలే. వానాకాలంలో నీళ్లు ఏ సందులోంచి ఏ నాలాలోకి దిగుతాయో, ఏ కల్వర్టు దగ్గర వెనక్కి తంతాయో పై నుంచి తెలియదు. అందుకే నా తయారీలో అన్నిటికంటే కీలకమైన మెట్టు ప్రస్తుత భూవినియోగ పటం, అంటే ఈ రోజు ఎక్కడ ఏముందో రాసుకునే పటం. అది తప్పితే దాని మీద వేసే ప్రతి గీతా తప్పుతుంది. ఊరివాళ్లు కూర్చోవలసింది ఆ మెట్టు మీదే.

నా తోబుట్టువుల చరిత్ర చూస్తే ఇది బోధపడుతుంది. ముంబయి 2034 అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా 2015 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. ప్రస్తుత భూవినియోగాన్ని చూపే పటాలు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చాయి. పౌర సంఘాలు వార్డుల వారీగా వాటిని సరిచూసి తప్పులు ఎత్తిచూపాయి. అయినా ముసాయిదాలో, అప్పటికే ఉన్న కట్టడాల మీదుగా రోడ్లు పోయాయి, వారసత్వ స్థలాల గుర్తింపులు తారుమారయ్యాయి. వేలకొద్దీ అభ్యంతరాలు వచ్చిపడ్డాయి. రెండు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్‌లో, ముఖ్యమంత్రి దాన్ని పక్కనపెట్టి మళ్లీ చేయమన్నారు. సవరించిన ముసాయిదా 2016లో వచ్చింది, ప్రభుత్వ ఆమోదం దొరికేసరికి 2018. మన దగ్గర 2023 జనవరిలో కామారెడ్డిలో ఇలాంటిదే చూశాం. తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని ముసాయిదా చూశాక తెలుసుకున్న రైతులు కలెక్టరేట్ ముందు ఆందోళనకు దిగారు. ఆ నెలలోనే పాలకవర్గం ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అంతే జరిగింది. జనాన్ని ముందు పిలిస్తే ఆలస్యమవుతుందని వాదించేవాళ్లకు ఈ మూడు ఊళ్లే నా జవాబు. పిలవకుండా, చెప్పినా వినకుండా మిగుల్చుకున్న నెలలు ఆ తర్వాత ఏళ్లుగా ఖర్చయ్యాయి.

సామాన్యులకు సాంకేతిక విషయాలు ఏం తెలుసని ఇంకొందరు అడుగుతారు. నిపుణులు వద్దని నేననను. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా వల్లే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. హైదరాబాద్ అటు వరద నుంచి తెరిపిన పడింది, ఇటు తాగునీరు సంపాదించుకుంది. ఎంత నీరు వస్తే ఎంత ఎత్తు కట్ట కావాలో లెక్కగట్టేది ఇంజనీరే. కానీ పోయినసారి నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చాయో చెప్పవలసింది ఆ గుమ్మంలో ఉండే మనిషి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువు కట్టల కింది కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో నిలిచింది. 2005లోనూ అదే బుడమేరు ఆ నగరాన్ని ముంచింది. అక్కడి పెద్దలకు ఆ నీళ్ల దారి గుర్తుంటుంది. వాళ్ల నోట విన్నది నా మీదికి ఎక్కకపోతే, నీళ్లు తిరిగొచ్చే చోట నేను పసుపు రంగు వేసుకుని ఇళ్లకు రమ్మని పిలుస్తాను. నిలకడైన అభివృద్ధి అని పెద్ద మాట వాడతారు గానీ, నావరకు దానర్థం ఇరవయ్యో ఏట కూడా ఆ ఇంట్లో మనిషి పొడిగా నిద్రపోగలగడం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. జనం తమ స్వార్థమే చూసుకుంటారు, రోడ్డు కావాలంటారు, తమ స్థలంలోంచి వద్దంటారు, చెత్త యార్డు పక్క వార్డులో పెట్టమంటారు. పైగా సభకు వచ్చి గట్టిగా మాట్లాడేది స్థలాల వ్యాపారులే, అద్దెకుండేవాళ్లూ కూలీలూ కాదు. ఇందులో నిజం ఉంది, దాన్ని కప్పిపుచ్చను. కానీ తలుపులు మూస్తే ఆ స్వార్థం ఎక్కడికీ పోదు. నన్ను ఆమోదించాక ఒక్కో సర్వే నంబరుకూ విడిగా భూవినియోగ మార్పు జీవో తెచ్చుకునే దారి మిగిలే ఉంటుంది. ఆ దారి తెలిసినవాడికి బహిరంగ సభతో పనిలేదు. సభ అవసరం ఇంకే దారీ లేనివాడికే. కాబట్టి సభ ఎత్తేయడం కాదు, దాన్ని బాగుచేయాలి. కూలికి వెళ్లేవాళ్లు వచ్చే వేళకు, వాళ్ల బస్తీలోనే పెట్టాలి. నన్ను తెలుగులో, వీధి పేర్లతో, ఇంటి ఆనవాళ్లతో చూపాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు తోసిపుచ్చారో రాసి బయటపెట్టాలి. నలుగురి ముందు కారణం చెప్పవలసి వచ్చినప్పుడు స్వార్థానికి బలం తగ్గుతుంది.

ఎన్నికైన కార్పొరేటర్లు ఉండగా మళ్లీ జనమెందుకన్న ప్రశ్నకు రాజ్యాంగమే బదులిచ్చింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ, మూడు లక్షలు ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది, పది లక్షలు దాటిన మహానగర ప్రాంతాలకు ప్రణాళికా కమిటీ ఉండాలంది. చాలా నగరాల్లో ఈ రెండూ కాగితం దాటి రాలేదు. జనానికి నిజంగా అధికారం ఇస్తే ఏమవుతుందో కేరళ చూపింది. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు అప్పగించి, ఏ పని ముందో ఊళ్లలో గ్రామసభలను, పట్టణాల్లో వార్డు సభలను అడిగారు. డబ్బు చేతికొచ్చింది కాబట్టే జనం వచ్చి కూర్చున్నారు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989 నుంచి బడ్జెట్‌లో కొంత భాగాన్ని పేటల సభల్లో నిర్ణయించింది, పాలకులు మారాక ఆ పద్ధతి బలహీనపడింది. కనుక పాలకుల ఇష్టానికి వదలకుండా, ప్రస్తుత భూవినియోగ పటాన్ని వార్డు సభ సరిచూసి సంతకం చేశాకే ముసాయిదా గీయాలని చట్టంలోనే రాయాలి.

చట్టం వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. మీ పట్టణంలో కొత్త మాస్టర్ ప్లాన్ పని మొదలైందని తెలిస్తే మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్లి ప్రస్తుత భూవినియోగ పటం చూపించమనండి. మీ వీధి, మీ చెరువు, మీ నాలా, మీ సంత ఉన్నాయో లేదో వెతకండి. లేకపోతే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ముసాయిదా వచ్చాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు సాధారణంగా నెలో రెండు నెలలో ఉంటుంది. ఆలోగా మీ వీధిలో అద్దెకున్నవాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చి నన్ను చూడండి.